అయిదో నంబరు మీద బొట్టు

మా చెల్లెలి కూతురు చంద్రమ్మ ఈ మధ్య పాతవస్తువులు బాగుచేసే పనిలో చేరింది. బయట అందరికీ మ సాండా అన్న బర్మా పేరే, ఇంట్లో మాత్రం చంద్రమ్మే. చేరిన వారానికే నా దగ్గరికొచ్చి, "మావయ్యా, నువ్వు నలబై ఏళ్ళు ఏటి సేసేవో రాసి పెట్టు. మా ఆఫీసులో బుక్కులు బోల్డున్నాయి గానీ సెయ్యి ఎక్కడెట్టాలో, ఎక్కడెట్టకూడదో ఒక్కదాన్లోనూ నేదు" అంది.

అడిగింది గనక రాస్తున్నాను. దానికి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. పర్వాలేదు, నేనే చదివి వినిపిస్తాను.

నేను యాంగాన్‌లో, అదే పాత పేరుతో రంగూన్‌లో, ఒక పెద్దమనిషి పోగుచేసిన పాత ఇంగ్లీషు రివాల్వర్లను శుభ్రం చేసి, కాపాడే పని చేశాను. ఇప్పటి తుపాకులు కావవి. తూటా పుట్టకముందువి. సిలిండర్‌లోని ఒక్కో గదిలోకి ముందువైపు నుంచి మందు పోసి, దాని మీద సీసపు గుండు దూర్చేవారు. వెనకవైపు ఒక్కో గదికి ఒక్కో ఇనప మొన ఉంటుంది. ఆ మొన మీద చిటికెన వేలి గోరంత రాగి టోపీ తొడిగేవారు. సుత్తి టోపీ మీద పడితే నిప్పురవ్వ లోపలికి పోయి మందు అంటుకునేది. కంపెనీ దొరలు ఈ ఊరి నదిలోకి పడవలేసుకొచ్చినప్పుడు నడుముకి కట్టుకొచ్చినవి ఇలాంటివే. తయారుచేసినవాళ్ళ పేర్లు నేను రాయను, అవి చంద్రమ్మ ఆఫీసు బుక్కుల్లో ఉంటాయి. జీతాలు, కాగితాలు, అనుమతులు కూడా రాయను. వాటితో నా చేతులకి పనిలేదు.

నా చేతుల మీదుగా పోయిన రివాల్వర్లలో ఒకదాన్ని చచ్చేలోగా మరొక్కసారి పట్టుకోవాలని నా కోరిక. తుపాకి మీద మోజు కాదు. దాని మీద మా అమ్మ బొట్టు పెట్టింది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకి ఉన్న ఒక్క ఫోటో తుఫానొచ్చిన ఏడు గోడతో పాటు పోయింది. ఆమె చెయ్యి తగిలిన గుర్తు ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

చక్రం

మొదట నేను చేరింది ఊరి నడిబొడ్డున ఒక పాతసామాను దుకాణంలో. దుకాణదారు చెడ్డవాడు కాదు. మెరవని వస్తువంటే మాత్రం ఆయనకి ఒళ్ళు మండేది. ఇత్తడైనా, ఇనుమైనా, దేవుడి విగ్రహమైనా తెచ్చి నా ముందు పడేసేవాడు. నేను కరెంటు చక్రం మీద పెట్టి తళతళలాడించేవాణ్ణి. పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ సరుకు అక్కడ రోజుకి పది ముక్కలు తయారయ్యేది.

ఒకరోజు ఊళ్ళోనే తామ్వే పేట నుంచి ఒక కంటి డాక్టరు వచ్చారు. చేతిలో ఒక రివాల్వర్. బిగుసుకుపోయిన స్క్రూ ఒకటి విప్పిపెట్టమన్నారు, అంతే. ఆయన అటు వెళ్ళగానే దుకాణదారు "ఊరికే స్క్రూ విప్పితే ఏం బాగుంటుంది, కాస్త మెరిపించి ఇద్దాం" అన్నాడు. నేను మెరిపించాను. గొట్టం పైన సన్నటి అక్షరాల్లో తయారుచేసినవాడి పేరు, వీధి పేరు ఉన్నాయి. చక్రం ఆపి చూసేసరికి రెండూ లేవు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

డాక్టరుగారు సాయంత్రం వచ్చారు. కళ్ళు పరీక్షించే భూతద్దం జేబులోంచి తీసి గొట్టం మీద చాలాసేపు వెతికారు. దుకాణదారు నోరు తెరిచేలోపే నేను "నేనే సయా" అన్నాను. ఇక్కడ గురువునైనా, డాక్టరునైనా సయా అనే అంటారు. మేం మాట్లాడుకున్నది బర్మా భాషలో.

"ఎంతసేపు పట్టింది?" అన్నారు.

"అరగంట సయా."

"ఆ అక్షరాలు చెక్కినవాడికి ఎంతసేపు పట్టి ఉంటుంది?"

నేను తల దించుకున్నాను. ఆయన రివాల్వర్‌ని రుమాల్లో చుట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "రేపు మా ఇంటికి రా" అన్నారు. తిట్టడానికి పిలుస్తున్నారనుకున్నాను. వెళ్తే బల్ల చూపించి కూర్చోమన్నారు. చెడగొట్టిన వాళ్ళలో ఒప్పుకున్నవాణ్ణి మొదటిసారి చూశానని తరవాత వాళ్ళావిడతో అన్నారట.

చంద్రమ్మా, ఇది నీకు మొదటి మాట. తుప్పుని ఆపడం మన పని. కొత్తగా చెయ్యడం మన పని కాదు. ఇనుము మీది నల్లటి పొర, గీత, గాటు అన్నీ దాని వయసు. అది తీసేస్తే మళ్ళీ ఎవడూ తేలేడు.

సయా బల్ల

సయా ఇంట్లో మేడమీద గది. గోడకి కళ్ళు పరీక్షించే అక్షరాల అట్ట, కిటికీ కింద పొడుగాటి టేకు బల్ల. అరల్లో రివాల్వర్లు నంబర్ల వారీగా ఉండేవి. గొట్టాలన్నీ గుత్తిగా ఉండి మొత్తం తిరిగేది ఒకటి. రెండు ట్రిగ్గర్లున్నది ఒకటి. కింది ట్రిగ్గర్ నొక్కితే సుత్తి లేస్తుంది, పైది నొక్కితే పడుతుంది. నేను చేరేనాటికి మొత్తం నాలుగు.

నా మొదటి నెల అంతా స్క్రూడ్రైవర్లు అరగదీయడంతో సరిపోయింది. ఆ కాలపు స్క్రూల గాడి ఇప్పటి వాటికంటే సన్నం. బజారు స్క్రూడ్రైవర్ పెడితే జారి గాడి చిరిగిపోతుంది. అందుకని ఒక్కో స్క్రూకి సరిపోయేలా ఒక్కో స్క్రూడ్రైవర్‌ని ఆకురాయితో రాయాలి. ఒక పాత తుపాకి నిజాయితీ తెలుసుకోవాలంటే ముందు స్క్రూల తలలు చూడు. తరవాత ఫ్రేము మీది నంబరు, సిలిండర్ మీది నంబరు ఒకటేనా అని చూడు. అందం ఆఖర్న చూడు. అమ్మేవాడు చెప్పే కథ అసలు వినకు. ఈ ఊళ్ళో అమ్మకానికొచ్చిన ప్రతి తుపాకీ ఎవరో ఒక పెద్ద దొరదే. సిపాయిలూ గుమాస్తాలూ వాడినవి ఏమయ్యాయో ఎవరూ చెప్పరు.

సయా ఇంకో మాట రోజూ అనేవారు. "అవసరం లేని స్క్రూ విప్పకు." విప్పిన ప్రతిసారీ వస్తువు కొంచెం అరుగుతుంది. నేను ఆ మాట ముప్పై ఏళ్ళు జవదాటలేదు. ఈ మాట గుర్తుపెట్టుకో, దీంతో తరవాత పనుంది.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. మెచ్చుకోవడంలో పరమ లోభి. వానాకాలం వచ్చిందంటే గాలిలో తడి ఎంతుందో అన్న దిగులుతో అందరి మీదా విసుక్కునేవారు. బల్ల దగ్గర కూర్చుంటే వాళ్ళావిడ అన్నం చల్లారిపోయేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, మీ ఊరిని పట్టుకున్నవాళ్ళ తుపాకులు మీకెందుకు సయా అని. "నన్ను కొట్టిన కర్ర నా ఇంట్లో ఉంటే, ఇప్పుడది ఎవరి కర్ర?" అని నవ్వారు. ఆ నవ్వు, బల్ల మీది లవంగనూనె వాసన, కింద వీధిలో మొహింగా అనే చేపపులుసు సేమ్యా అమ్మేవాడి కేక ఇప్పటికీ నాకు కావాలనిపిస్తాయి. తామ్వేలో ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అటు బస్సులో పోవాల్సొస్తే నేను రెండో వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను.

ఖాళీదే అన్నారు

దలా నుంచి వచ్చిన ఒక ముసలాయనకి సయా శుక్లం తీశారు. కట్టు విప్పిన రోజు ఆ సంతోషంలో ఆయన, మా అటక మీద మీ బల్ల మీదవాటిలాంటిది ఒకటుంది అన్నాడు. మేం పడవెక్కి నది దాటి వెళ్ళాం. నూనెగుడ్డలో చుట్టి, మిరపకాయల బుట్ట వెనక పెట్టారు. అయిదు గుళ్ళది. ఫ్రేము, గొట్టం ఒకే ముక్కలో కొట్టినది. సుత్తికి వేలితో లాగే కొస ఉండదు, ట్రిగ్గర్ నొక్కితే అదే లేచి పడుతుంది. నల్లటి పొర ఎక్కడా చెదరలేదు. అలాంటి వస్తువు మళ్ళీ నా జీవితంలో చూడలేదు.

"మా తాత కాలం నుంచీ ఖాళీదే" అన్నాడు ముసలాయన.

అదే మా అయిదో నంబరు. సిలిండర్ నడిమి కడ్డీ బిగుసుకుపోయింది. నూనె పోసి మూడు రోజులు చూశాను, కదల్లేదు. కొంచెం వేడి తగిలితే వదులుతుందని నాలుగో రోజు స్పిరిట్ దీపం వెలిగించాను. రివాల్వర్‌ని దాని మీదికి వంచుతుంటే సయా మెట్లెక్కి వచ్చారు.

"పుల్ల పెట్టి చూశావా?"

అది ఆయన మొదటి రోజే నేర్పిన పని. ఏ రివాల్వర్ వచ్చినా ముందువైపు నుంచి ఒక్కో గదిలోకి చీపురుపుల్ల దూర్చి లోతు కొలవాలి. నేను పెట్టలేదు. ముసలాయన ఖాళీదే అన్నాడు, నేను నమ్మాను. అప్పుడు పెట్టి చూశాను. మూడు గదుల్లో పుల్ల సమంగా దిగింది. నాలుగోదాంట్లో సగంలో ఆగింది. అయిదోదాంట్లోనూ అంతే.

సయా దీపాన్ని వేళ్ళతో నలిపి ఆర్పేశారు. లోపలికి నీళ్ళు పట్టించి ఆ రెండు గదులూ ఖాళీ చెయ్యడానికి వారం పట్టింది. నీళ్ళు తగలకముందు గీకి తీసిన చిటికెడు మందుని పెరట్లో పళ్ళెంలో వేసి అగ్గిపుల్ల చూపించారు. భగ్గుమంది. నూరేళ్ళకి పైగా అది అటక మీద ప్రాణంతో ఉంది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పడం నా పొరపాటు.

నవమి, దశమి, శుక్రవారం

మేం చిమిండైంగ్‌ పేటలో ఉండేవాళ్ళం. అమ్మ అక్కడి బజారులో చింతపండు, పసుపుకొమ్ములు అమ్మేది. మా నాన్న రేవులో మూటలు దించేవాడు. మూటలు లాగే ఇనప కొక్కెం ఒకటి ఉండేది ఆయనకి. దసరా నవమికి రేవులో మావాళ్ళందరూ కొక్కేలు కడిగి వరసగా పెట్టి బొట్లు పెట్టేవారు. ఒక ఏడు ఓడలు ఆగకుండా వచ్చి నాన్న కొక్కేనికి పూజ జరగలేదు. ఆ నెలలోనే ఆయన కాలి మీద పెట్టె పడింది. మళ్ళీ సరిగా నడవలేదు. అమ్మ లెక్కలో ఈ రెండూ ఒకే సంగతి.

"ఏటీ? మందున్న తుపాకిని దీపం మీద ఎట్టేవా? నీకు బుర్రుందా నేదా?" అంది.

"ఖాళీదన్నారే."

"ఆలెవరో అంటే నీ బుద్ధేటయింది? ఇంతకీ ఆటికి బొట్టెట్టేవా ఎప్పుడైనా?"

"అమ్మా, అవి నావి కావే. సయావి."

"సేతిలో అట్టుకుని నువ్వు కూడు తింతన్నావు. నీవి కాకపోతే ఎవలివి? పనిముట్టుకి దణ్ణవెట్టకపోతే అది ఊరుకుంటాదేటి? మీ నాన్నని సూసి కూడా బుద్ధి రానేదు."

నవమి నాటికి సయా కళ్ళ శిబిరానికి మౌల్మేన్ వెళ్ళారు. వానలకి లోపల తుప్పు పట్టిందేమో చూడ్డానికి రివాల్వర్లన్నీ విప్పి, ముక్కలు తెల్లగుడ్డ మీద పరిచి ఉన్నాయి. అమ్మ ఇత్తడి పళ్ళెం, కొబ్బరికాయ పట్టుకుని బస్సెక్కి తామ్వే వచ్చింది. సయావాళ్ళావిడ వద్దనలేదు సరికదా, తనూ చేతులు జోడించి పక్కన కూర్చుంది. ఆవిడకి ఏ దేవుడైనా దేవుడే.

అమ్మ ఒక్క ముక్కనీ వదల్లేదు. పసుపు తడిపి స్క్రూలకి, స్ప్రింగులకి, ట్రిగ్గర్లకి అద్దింది. విప్పి ఉన్న పిడి చెక్కల్ని తిరగేసి, లోపలి గాడిలో కూడా ఉంగరం వేలు పెట్టి పూసింది. "లోన ఎందుకే?" అంటే, "మందు లోనే కదేటి దాక్కుంది" అంది.

అయిదో నంబరుకి వచ్చేసరికి ఆగింది. కుంకుమలో కొబ్బరినీళ్ళు పోసి ముద్దలా కలిపింది. ఫ్రేము ఎడమవైపు, సిలిండర్ కిందుగా, ఉంగరం వేలితో పెద్ద బొట్టు పెట్టింది. బజారులో కత్తిపీటకి తెగి ఆ వేలికొస ఒకవైపు చదునుగా ఉండేది. అందుకని ఆమె ఏ బొట్టు పెట్టినా గుండ్రంగా రాక, ఎడమకి ఒరిగి ఉండేది. "తల్లీ, నా కొడుకు జోలికి రాకు. ఏటేటా ఒచ్చి నీకు బొట్టెడతాను" అని తుపాకితో చెప్పింది. నేను నవ్వాపుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నవ్వు రాదు.

అక్కణ్ణుంచి నా బుద్ధి గడ్డి తింది. పూజలో పెట్టిన పనిముట్టుని దశమి వెళ్ళేదాకా ముట్టుకోకూడదు. సరే, గురువారం దశమి వెళ్ళింది. మర్నాడు తుడుద్దామంటే శుక్రవారం. శుక్రవారం పూట బొట్టు చెరుపుతావా అని అమ్మ ఇంతెత్తున లేచింది. నేను ఇనుము సంగతి తెలిసినవాణ్ణి. తడి కుంకుమ, కొబ్బరినీళ్ళు, ఇంకా తగ్గని వానలు. అన్నీ తెలిసి ఆ ఒక్కరోజూ ఊరుకున్నాను. శనివారం పొద్దున్నే వెళ్ళి తుడిచాను. మిగతా ముక్కల మీద ఏమీ లేదు. పిడి లోపలి పసుపు ఎండి అంటుకుపోయింది, ఎవరు చూడొచ్చారులే అని వదిలేసి బిగించాను. అయిదో నంబరు మీద కుంకుమ తుడిస్తే కింద ఎర్రటి తుప్పు. తుప్పు తుడిస్తే కింద ఇనుము తినేసిన పల్లం. వేలికొసంత ఉంది, ఎడమకి ఒరిగి ఉంది.

ఉప్పుకాగితం చేతిలోకి తీసుకున్నాను. మెల్లిగా రాస్తే గంటలో పల్లం చదునైపోతుంది, మీద నల్లటి రంగు కడితే సయాకి తెలియకపోనూవచ్చు. దుకాణంలో నేను చెరిపేసిన అక్షరాలు గుర్తొచ్చి కాగితం కింద పెట్టేశాను. అది ధైర్యం కాదు, భయమే.

సయా తిరిగొచ్చారు. చూపించాను, జరిగింది చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బల్ల దగ్గర, "తీసెయ్యనా సయా?" అన్నాను.

"దీన్ని ఎంతమంది చేత్తో పట్టుకుని ఉంటారు?" అన్నారు.

"తెలీదు సయా."

"నాకూ తెలీదు. ఎవడు కాల్చాడో, ఎవరు చచ్చారో ఒక్కటీ తెలీదు. దీని మీద చెయ్యి వేసినవాళ్ళలో నాకు తెలిసింది మీ అమ్మ ఒక్కతే. ఉండనీ. వచ్చే ఏడు తడి లేకుండా పెట్టమను" అన్నారు.

అమ్మ ఆ తరవాత తొమ్మిది దసరాలకి వచ్చింది. పొడి కుంకుమ, అదీ రివాల్వర్ కింద పరిచిన గుడ్డ మీద. గుడ్డకి పెడితే తుపాకికి ముడుతుందా అని సణుక్కుంటూనే పెట్టేది. పదో దసరాకి ఆమె లేదు. ఆ నవమి రోజు నేను గుడ్డ పరిచి కూర్చున్నాను గానీ బొట్టు పెట్టడానికి చెయ్యి రాలేదు. సయా వచ్చి పక్కన కూర్చుని, ఆ పల్లం మీద బొటనవేలు ఒకసారి ఆనించి వెళ్ళిపోయారు. తరవాత ఎన్నో ఏళ్ళపాటు, ఆ రివాల్వర్‌కి నూనె రాసే రోజున నేను చేసిందీ అదే.

పెట్టెలు

సయా పోయారు. ఆయనతో పాటే అనుమతీ పోయింది. ప్రాణం లేని తుపాకినైనా ఇంట్లో ఉంచుకునే రోజులు కావివి. కొన్ని ఇక్కడే భద్రపరిచే చోటికి వెళ్ళాయి. అయిదో నంబరుతో కలిపి కొన్ని, కాగితాలన్నీ అయ్యాక సముద్రం దాటి వెళ్ళాయి. పెట్టెల్లో సర్దింది నేనే.

ఒకటి దాచుకోవాలనిపించలేదా అని చంద్రమ్మ అడిగింది. అనిపించింది. అయిదో నంబరు చేతిలో పట్టుకుని మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నా కోసం ఇంట్లో వాళ్ళందరినీ ఆపదలో పెట్టలేను.

పెట్టెలో ప్రతి వస్తువుకీ ఒక చీటీ పెట్టాం. ఎక్కడ అతుకు వేశాం, ఏ స్ప్రింగు కొత్తది, అన్నీ రాశాను. అయిదో నంబరు చీటీలో ఎడమవైపు పల్లం గురించి రాయలేదు. పరాయి దేశంవాళ్ళకి బొట్టు, శుక్రవారం, మా అమ్మ, ఇదంతా ఏం చెప్తాం, నవ్వుతారని సిగ్గేసింది. అక్షరాలు చెరిపినందుకు నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. దీపం వెలిగించినందుకూ క్షమించుకున్నాను. ఈ చీటీకి మాత్రం క్షమ లేదు. చంద్రమ్మా, వస్తువు నీ చేతుల్లోంచి వెళ్ళేటప్పుడు నీకు తెలిసినదంతా రాసి పంపు. నవ్వితే నవ్వనీ.

ఉత్తరం

ఈ మధ్యనే ఒక ఆదివారం చంద్రమ్మ ఫోన్ పట్టుకొచ్చింది. "మావయ్యా, ఇది సూడు. నువ్వు సెప్పినాదేనా?"

అదే. ఎక్కడో చలిదేశంలో పాత తుపాకుల వేలం. తెరని వేళ్ళతో సాగదీసి చూపించింది. ఫ్రేము ఎడమవైపు, సిలిండర్ కిందుగా, ఎడమకి ఒరిగిన పల్లం. నేను ఆ గాజు మీద బొటనవేలు ఆనించాను. బొమ్మ పక్కకి జారిపోయింది. చంద్రమ్మ నవ్వి మళ్ళీ తెచ్చిపెట్టింది. తరవాత నా మొహం చూసి నవ్వడం మానేసింది.

"కింద ఏటి రాసేరు?" అన్నాను.

"అమ్ముడైపోనాదంట. ఒంటి మీద చిన్న తుప్పు మచ్చ ఉన్నాదంట. మంచి పనోడైతే ఈజీగా తీసేస్తాడంట."

నిజమే, తీసేస్తాడు. గంట పని. నేను చెప్తుంటే చంద్రమ్మ ఇంగ్లీషులో కొట్టింది. ఈ రివాల్వర్‌ని నేను చూసుకున్నాను, ఆ మచ్చ తుప్పు కాదు, మా అమ్మ పెట్టిన బొట్టు, దయచేసి దాన్ని తీయకండి అని. వేలం వాళ్ళకి పంపి, కొన్నవాళ్ళకి చేర్చమని బతిమాలాం. రెండు వారాలు నేను రోజూ పొద్దున్నే చంద్రమ్మకి ఫోన్ చేశాను. "రానేదు మావయ్యా" అని రోజూ చెప్పింది.

జవాబు వచ్చిన రోజు ఫోన్ చెయ్యకుండా తనే వచ్చింది. అందుకే చెప్పకముందే అర్థమైంది. కొన్నవాళ్ళ తరఫున, బాగుచేసిన పనివాడే రాశాడు. మీ ఉత్తరం నాకు చేరేసరికి పని అయిపోయింది, ముందే తెలిస్తే ముట్టుకునేవాణ్ణి కాదు, నన్ను మన్నించండి అన్నాడు. ఫోటో పంపాడు. ఫ్రేము నున్నగా, నల్లగా, నిండుగా ఉంది. చుట్టూ ఉన్న నగిషీ గీత ఒక్కటి చెదరలేదు. రంగు కలిసిన చోటు ఎక్కడో నాకే దొరకలేదు. పని బాగా చేశాడు. ఉన్నమాట చెప్పాలి. నేనైనా అంత బాగా చేసేవాణ్ణి కాదు.

నేను ఏడ్చాను. డెబ్బై దాటిన మనిషిని, మేనకోడలి ముందు, ఇనుము నున్నగా ఉందని ఏడ్చాను.

"మావయ్యా, ఇంకా ఉన్నాది, పూర్తిగా ఇను" అంది చంద్రమ్మ. ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చదువుకుని, మా భాషలోకి తిప్పి చెప్పింది.

మీకు రాయబోతూ ఇంకొకటి అడగాలనుకున్నాను అన్నాడతను. రంగు వేసే ముందు పిడి చెక్క విప్పాను, బహుశా చాలా ఏళ్ళుగా దాన్నెవరూ విప్పినట్టు లేదు. లోపలి గాడిలో పసుపుపచ్చని పూత ఉంది. వార్నిష్ కాదు, నూనె కాదు, అదేమిటో నాకు అంతుపట్టలేదు. వేలితో పూసినట్టు గీతలు కూడా కనిపిస్తున్నాయి. తీసేద్దామనుకుని, ఎందుకో చెయ్యి ఆగి వదిలేశాను. అది తీసెయ్యమంటారా, ఉంచమంటారా?

కింద ఫోటో. నల్లటి చెక్క లోపల పసుపు. ఎండలో పడితే పసుపు నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది, బజారులో అమ్మ కొమ్ముల మీద గోనె కప్పి ఉంచేది అందుకే. ఇది ఇన్నేళ్ళూ చీకట్లో ఉంది. నిన్న అద్దినట్టు ఉంది. ఒక చివర వేలు ఆగిన చోట ముద్ర గుండ్రంగా లేదు, ఒకవైపు చదునుగా ఉంది.

చంద్రమ్మ జవాబు కొట్టడానికి ఫోన్ పట్టుకుని కూర్చుంది.

"రాయి. అది పసుపు. తియ్యొద్దను. పిడి మళ్ళీ విప్పొద్దను. విప్పేవాళ్ళకి తెలిసేలాగ ఒక సీటీ రాసి లోన పెట్టమను."

"సీటీ మీద ఏటి రాయమనాల మావయ్యా?"

"మా అమ్మ పేరు."

దానికి తన అమ్మమ్మ పేరు తెలియదని అప్పుడు తెలిసింది నాకు. ఇంట్లో అందరం అమ్మ, అమ్మమ్మ అనే అంటాం కదా, ఎలా తెలుస్తుంది? ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. అది పలుకుతూ, తప్పుల్లేకుండా కొట్టింది.

పైడమ్మ. చిమిండైంగ్ బజారు.